సముద్రంలో నానేసిన ఆరు బ్లౌజులు

ఒక మనిషి పరువు నీటిపాలు కావడానికి తుపాను రానక్కర్లేదు, ఓడ బోల్తా పడనక్కర్లేదు. ఆరు బ్లౌజులకు సరిపడా గుడ్డ, ఒక ఎర్ర స్కూటరు, నాలాంటి మొగుడు ఉంటే చాలు. అదెలా జరిగిందో ఇప్పుడు చెప్పబోతున్నాను. మీరు నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. నవ్వడం అయ్యాక మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోండి. పోర్ట్‌బ్లెయిర్‌లో మా ఆదిలక్ష్మిని ఎరిగినవాళ్ళలో సగంమంది ఆమెను గర్విష్ఠి అంటారు, పెళ్ళికి వచ్చినా గోడకు ఆనుకుని ఒక్కతే తిని పోతుందంటారు. అలా తినడం నిజం. గర్వం మాత్రం అబద్ధం. ఆ అబద్ధం పుట్టింది నా వల్ల. పన్నెండేళ్ళు దాన్ని తిండి పెట్టి పెంచిందీ నేనే.

ఆదిలక్ష్మి నా భార్య. అప్పట్లో మేం జంగ్లీఘాట్‌లో, చేపల రేవుకు నాలుగు అడుగుల దూరంలో ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నేను ప్రభుత్వ ఆఫీసులో గుమస్తాను. మాకు పిల్లలు లేరు. పొద్దున్న నేను క్యారేజీ పట్టుకుని పోతే సాయంత్రం దాకా ఆమెకు ఇంట్లో మాట్లాడటానికి ఎవరూ ఉండేవారు కాదు. గోడ మీద బల్లికి కూడా పేరు పెట్టిందంటే అర్థం చేసుకోండి. దాని పేరు సింహాచలం. సాయంత్రం నేను రాగానే "ఈరోజు సింహాచలం రెండు పురుగులు పట్టిందండి" అని చెప్పేది. నేను ఊఁ కొట్టి టీవీ పెట్టేవాణ్ణి.

అలాంటి మనిషికి ఊళ్ళోనే గోల్ ఘర్ అనే పేటలో ఉద్యోగం వచ్చింది. ఓడల్లో వచ్చే సరుకుల కాగితాలు చూసే చిన్న ప్రైవేటు ఆఫీసు. జూన్ మొదటి సోమవారం చేరాలి. మూడు నెలలు చూసి, పనితీరు నచ్చితే ఖాయం చేస్తారు. మామూలు మనిషి ఎవరైనా జీతం గురించి మాట్లాడతారు కదా. ఆదిలక్ష్మి ఇంటర్వ్యూ నుంచి వచ్చి చెప్పిన మొదటి మాట ఇది:

"ఆ ఆఫీసులో అయిదుగురు ఆడోళ్ళున్నారండి. మద్దేన్నం అందరూ ఒకే బల్ల కాడ కూకుని తింటారంట. కూరలు మార్చుకుంటారంట. ఒక కుర్చీ ఖాళీగా ఉంది, నాను సూసాను."

ఆ కుర్చీ కోసమే ఆమె ఉద్యోగంలో చేరింది. ఇది నాకు అప్పుడే అర్థమైనట్టు ఇప్పుడు రాస్తున్నాను గానీ, అప్పుడు నేను "కుర్చీదేముంది, ఎక్కడైనా ఉంటుంది" అన్నాను.

ఆఫీసుకు చీర కట్టుకుని స్కూటరు మీద వెళ్ళడం, వానలో జెట్టీ మెట్లు ఎక్కి దిగడం కష్టమని పొడుగు స్కర్టులు, వాటి మీదకు బ్లౌజులు వేసుకోవాలని నిర్ణయించుకుంది. రెడీమేడ్ ఆమెకు భుజాల దగ్గర పట్టేసేది. అందుకని తనే కుట్టుకుంటానంది. కుట్టు ఆమెకు పెళ్ళికి ముందే వచ్చు. ఆరు రోజులకు ఆరు బ్లౌజులు, మూడు స్కర్టులు. మంచి కాటన్ గుడ్డ తెచ్చి మంచం మీద పరిచి, ఇది సోమవారానికి, ఇది మంగళవారానికి అని వాటికీ పేర్లు పెట్టేసింది.

కాటన్ గుడ్డను కత్తిరించే ముందు నీళ్ళలో నానేసి ఆరబెట్టాలి. లేకపోతే కుట్టాక మొదటి ఉతుకులోనే కుదించుకుపోతుంది. ఈ ముక్క కుట్టుపని తెలిసిన ఎవరినడిగినా చెబుతారు. తెలియనిదల్లా మా ఊరి వేసవిలో నీళ్ళ సంగతి. చుట్టూ ఎటు చూసినా నీళ్ళే, కుళాయిలో మాత్రం మూడు రోజులకోసారి అరగంట. ఆ అరగంటలో మేం డ్రమ్ములూ బిందెలూ టీ గ్లాసులతో సహా నింపుకునేవాళ్ళం. స్నానం ఒక పండగ. అలాంటి రోజుల్లో ఆదిలక్ష్మి పది రోజులపాటు తన వాటాలో చెంబుకు చెంబు మిగుల్చుకుని, గుడ్డ నానేయడానికని రెండు బకెట్ల నీళ్ళు దాచి పైన పళ్ళాలు మూసింది.

తర్వాత కొలతల కాగితాలు గీసుకు రావడానికని ఆస్టినాబాద్‌లో వాళ్ళక్క ఇంటికి రెండు రోజులు వెళుతూ నాకు అప్పగింతలు పెట్టింది.

"ఏటండీ, ఇంటన్నారా? రేపు ఆదివారం. గుడ్డలు ఈ రెండు బకెట్లల్లో నానేసి, నీడన ఆరీసీండి. పిండొద్దు. అంతే పని."

"అంతేనా? ఇంకేమైనా కష్టమైన పని ఉంటే చెప్పు."

"దీన్ని సెడగొట్టకుండా సేత్తే సాలు."

సరే. ఆదివారం పొద్దున్న లేచాను. వాకిట్లో నా కొత్త ఎర్ర స్కూటరు నిలబడి ఉంది. దాని మీద దుమ్ము. నేను దాన్ని చూశాను, అది నన్ను చూసింది. పెళ్ళిచూపుల్లో కూడా నేను అంతసేపు ఎవరి కళ్ళలోకీ చూడలేదు. ఒక్క చెంబుతో అద్దం తుడుద్దామనుకున్నాను. అద్దం మెరిశాక సీటు మాసినట్టు కనపడింది. సీటు అయ్యాక చక్రాలు. తల ఎత్తి చూసేసరికి స్కూటరు పెళ్ళికొడుకులా ఉంది, రెండు బకెట్లూ బోర్లా ఉన్నాయి.

కుళాయి మంగళవారానికి గానీ రాదు. ఆదిలక్ష్మి సోమవారం వచ్చేస్తుంది. పొరుగువాళ్ళను నీళ్ళు అడగడమంటే ఆ రోజుల్లో కిడ్నీ అడగడం లాంటిది. అప్పుడు నా బుర్రలో ఒక వెలుగు వెలిగింది. ఇంటికి నాలుగు అడుగుల దూరంలో అండమాన్ సముద్రం మొత్తం ఖాళీగా పడి ఉందే!

గుడ్డలన్నీ చంకలో పెట్టుకుని రేవుకు పోయాను. అక్కడ పడవ ఉన్న ఎర్రయ్య, భావనపాడు నుంచి వాళ్ళ నాన్న కాలంలో వచ్చినవాడు, వల బాగు చేసుకుంటున్నాడు.

"ఏటి భయ్యా, బట్టలట్టుకొచ్చావు? దుకాణం ఎడతావా?"

"గుడ్డ నానేయాలి. నీ పడవ తాడుకు కట్టుకుంటాను, కొట్టుకుపోకుండా."

"సముద్రంలోనా? పాగలైపోయావేటి? ఉప్పు కదా."

"నీళ్ళు నీళ్ళే ఎర్రయ్యా. కుదించుకోవడానికి నీళ్ళు కావాలి. ఉప్పు దాని పని అది చూసుకుంటుంది."

"సూసుకుంటాది," అన్నాడు ఎర్రయ్య. "ఉప్పు ఎప్పుడూ దాని పని సూసుకుంటాది. తరవాత నీ పనీ సూసుకుంటాది."

వినలేదు. డిగ్రీ చదివినవాణ్ణి. తొమ్మిది గుడ్డలూ తాడుకు కట్టి సముద్రంలోకి వదిలి, రెండు గంటలసేపు రాతి మీద కూర్చుని నా తెలివికి నేనే మురిసిపోయాను. ఈలోగా రెండు పడవలు వచ్చి సరుకు దింపాయి. గంపలు కడిగారు, పొలుసు కడిగారు, ఐసు పెట్టెలు కడిగారు. ఆ కడిగిన నీళ్ళన్నీ ఎటు పోయాయో నేను గమనించలేదు. నా గుడ్డలు గమనించి ఉంటాయి. తర్వాత వాటిని వలలు ఆరేసే వెదురు కర్రల మీద ఆరేశాను. ఎండకు గంటలో అప్పడాల్లా తయారయ్యాయి. వాసన చూశాను. ఎండ వాసన తప్ప ఏమీ లేదు. జంగ్లీఘాట్‌లో పదేళ్ళు కాపురమున్న ముక్కు చేపల వాసనను గాలి కిందే లెక్క కడుతుందని అప్పుడు నాకు తట్టలేదు. ఆదిలక్ష్మి ముక్కుదీ అదే చిరునామా.

సోమవారం ఆమె వచ్చి గుడ్డ చేత్తో పట్టి చూసింది.

"ఇదేటండీ, ఇలగ బిరుసుగుంది?"

"కొత్త గుడ్డ. గంజి."

"తడిపినా పోలేదేటి?"

"మంచి గంజి."

"ఈ నీలం గుడ్డ అంచుకి తెల్ల గీతేటి?"

"డిజైనేమో."

ఆమె నా మొహం వంక ఒక్క క్షణం చూసి నమ్మింది. ఆమెలో ఉన్న పెద్ద లోపం అదే, నమ్మేస్తుంది. తర్వాత మూడు వారాలు కూర్చుని కుట్టింది. మిషను సూదులు రెండు రోజులకొకటి తుప్పు పట్టి విరిగాయి. దుకాణంవాడు నాసిరకం సూదులు అంటగట్టాడని తిట్టింది. నేనూ ఆమెతో కలిసి తిట్టాను. ఆ దుకాణదారుకు కూడా ఈ సందర్భంగా క్షమాపణ చెబుతున్నాను.

కుట్టు మాత్రం చూడాల్సిందే. భుజం దగ్గర ఒక్క ముడత లేదు. కాజాలు చేత్తో కుట్టింది. ఆరు బ్లౌజులూ ఇస్త్రీ చేసి దండెం మీద వరసగా తగిలించి, సింహాచలానికి చూపించింది. నాకూ చూపించింది, కానీ సింహాచలం ఎక్కువ శ్రద్ధగా చూసిందని నా అనుమానం.

జూన్ మొదటి సోమవారం వచ్చింది. దానితోపాటు వాన కూడా వచ్చింది.

ఉప్పు పట్టిన గుడ్డ ఎండాకాలంలో నోరు మూసుకుని ఉంటుంది. వానగాలి తగిలిందా, ఊళ్ళో ఉన్న తేమనంతా పిలిచి కూర్చోబెట్టుకుంటుంది. దాంతో నిద్రపోతున్న వాసనలన్నీ లేచి కూర్చుంటాయి. సాయంత్రం ఆదిలక్ష్మి ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే అడిగింది:

"నా కాడ ఏదైనా వాసనొస్తందేటండీ?"

చూశాను. "ఏమీ లేదే."

"ఆఫీసులో పెద్దావిడ, సుశీలా దీదీ అంటారు, పదే పదే ఫ్యాను తిప్పింది. ఒకమ్మాయి 'మచ్చీ కహాఁ సే ఆయా' అని బల్లకింద ఎతికింది. చేప ఎక్కడిదని. అందరూ నవ్వీసారు. నాను కూడా నవ్వీసాను. బల్లకింద ఏటీ లేదు."

మంగళవారం ఆమె రెండుసార్లు స్నానం చేసి వెళ్ళింది. ఆ సాయంత్రం చేపల కూర ముట్టలేదు. చేప లేకపోతే ముద్ద దిగని మనిషి, పచ్చడితో తిని లేచింది.

బుధవారం రేవులో ఎర్రయ్య ఎదురయ్యాడు. "ఏటి భయ్యా, మీ ఆవిడ బట్టలు వానల్లో ఎలగున్నాయి? ఉప్పు గుడ్డ కదా, ఎండుచేప లాగ మెత్తబడిపోతాది. కంపు కొడతాది."

అప్పుడు తెలిసింది నాకు. తెలిసిన మనిషి ఏం చేయాలి? ఇంటికి పోయి, "లక్ష్మీ, తప్పు గుడ్డది, నీది కాదు, మిగిలిన మూడూ వాన నీళ్ళలో జాడించెయ్" అనాలి. నిమిషం పని. కానీ ఆ నిమిషంలో స్కూటరు కడిగిన సంగతి కూడా చెప్పాల్సి వస్తుంది. అందుకని నేను సెంటు సీసా కొన్నాను.

ఆమె వంటింట్లో ఉండగా గురువారం బ్లౌజుకు సగం సీసా కొట్టాను. చాలదేమోనని శుక్రవారం దానికి అగరుపొగ పట్టాను. శనివారం దాని చేతుల్లో కలరా ఉండలు దాచాను. గురువారం ఆమె గోల్ ఘర్‌లో నడుస్తుంటే చేపల బజారులో పెళ్ళి జరుగుతున్నట్టు ఉండి ఉంటుంది. శుక్రవారం అదే పెళ్ళికి పూజారి కూడా వచ్చాడు.

శుక్రవారమే నేను జీవితంలో అన్నిటికన్నా పిరికి పని చేశాను. ఇక్కడ మీరు నవ్వకపోయినా ఫరవాలేదు. మధ్యాహ్నం వాన జోరుగా పట్టింది. ఆదిలక్ష్మి గొడుగు మరిచిపోయిందని, ఇద్దామని వాళ్ళ ఆఫీసుకు వెళ్ళాను. కిటికీలోంచి చూస్తే అయిదుగురు ఆడవాళ్ళు ఒక బల్ల చుట్టూ తింటున్నారు. ఆ ఖాళీ కుర్చీ ఖాళీగానే ఉంది. ఆదిలక్ష్మి దూరంగా, ఫైళ్ళ బీరువా పక్కన, గోడవైపు తిరిగి క్యారేజీ మూత ఒళ్ళో పెట్టుకుని తింటోంది. మోచేతులు ఒంటికి ఆనించి పట్టుకుంది, తన గాలి ఎవరికీ తగలకూడదన్నట్టు. బ్లౌజు భుజం దగ్గర ఒక్క ముడత లేదు.

నేను లోపలికి వెళ్ళలేదు. గొడుగు వేసుకుని వెనక్కి వచ్చేశాను. సాయంత్రం ఆమె తడిసి వచ్చి, "గొడుగు మరిసిపోయాను" అంది. "అయ్యో" అన్నాను.

శనివారానికి ఆఫీసులో ఆమెకు 'మచ్చీ మేడం' అని పేరు పడిపోయింది. ఆదివారం ఆమె ఆరు బ్లౌజులూ వాన నీళ్ళలో ఉతికింది. వాసన పోయింది. అన్నీ సర్దుకుంటాయని నేను ఊపిరి పీల్చుకున్నాను. గుడ్డకు పట్టిన వాసన ఒక్క ఉతుకుతో పోతుంది. తన ఒంట్లోంచే వాసన వస్తుందని నమ్మిన మనిషి సంగతి వేరు. ఆమె ఆ బల్ల దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు. మూడు నెలలయ్యాక, పని బాగుంది గానీ నలుగురితో కలవదు అన్నారు. ఖాయం చేయలేదు.

ఆదిలక్ష్మి మిషనుకు గుడ్డ కప్పేసింది. పరీక్షలు రాసి ప్రభుత్వ ఉద్యోగమే తెచ్చుకుంది. దిగ్లీపూర్‌లో వేశారు. పోర్ట్‌బ్లెయిర్ నుంచి బస్సులో పొద్దున్న బయలుదేరితే సాయంత్రానికి చేరే చోటు. ఇక్కడికి బదిలీ అడుగుదామని నేనన్నప్పుడల్లా, "అక్కడ గదిలో నాను ఒక్కదాన్నే, ఎవులికీ ఇబ్బంది లేదు" అనేది. అలా ఆమె అక్కడ, నేనిక్కడ. గోడ మీద ఇప్పుడున్న బల్లి పేరేమిటో నాకు తెలియదు. పేర్లు పెట్టే మనిషి ఇంట్లో లేదు.

ఈ ఏడు సెలవులకు వచ్చినప్పుడు తెలుగువాళ్ళ వనభోజనానికి వెళ్ళాం. అందరూ చాపల మీద గుంపుగా కూర్చున్నారు. ఆదిలక్ష్మి విస్తరాకు పట్టుకుని దూరంగా పోయి గాలి ఎటు వీస్తోందో చూసింది. చూసి, గాలి తననుంచి అవతలికి పోయే వైపున కూర్చుంది. నా పక్కనున్నావిడ అంది: "మీ ఆవిడకి మాతో కూకోడం నామోషీ లాగుంది."

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక చెప్పేశాను. సముద్రం, పడవ తాడు, సెంటు, అగరుపొగ, గొడుగు, అన్నీ. ఆదిలక్ష్మి కదలకుండా విన్నది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను.

"అయితే ఆ రెండు బకెట్ల నీళ్ళు ఏటి సేసారు?" అంది చివరికి.

అదొక్కటే దాచాను మరి. "స్కూటరు కడిగాను."

"ఆ ఎర్రదా?"

"ఎర్రదే."

"పది రోజులు మొహం కడుక్కోకుండా దాసేను ఆ నీళ్ళు. స్కూటరు కడిగీసారు. పోనీ, బాగా మెరిసిందా?"

"మెరిసింది."

"డాక్టరు కాడికి ఎల్లానండి నాను. మీకు సెప్పలేదు. ఒంటికేటీ లేదమ్మా అన్నాడు. ఆయనకి తెలీదనుకున్నాను." లేచి నిలబడింది. "నాకు సెప్పి ఏటి లాభం? నన్ను గర్వమన్నోళ్ళందరికీ సెప్పండి. ముందు ఆ ఆఫీసుకెల్లి సెప్పండి."

మర్నాడు గోల్ ఘర్ వెళ్ళాను. సుశీలా దీదీ ఇంకా అక్కడే ఉంది, జుట్టు తెల్లబడింది. చుట్టుపక్కల తెలుగువాళ్ళ పుణ్యమా అని ఆమెకు తెలుగు వచ్చు. చెప్పింది విని, కళ్ళజోడు తీసి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నవ్వు ఆగాక మొహం మారిపోయింది.

"ఆ పేరు నేనే పెట్టాను భయ్యా. సోమవారం నవ్వాం, సచ్ బాత్, నిజమే. లేకిన్ బుధవారం ఆమే బల్ల దగ్గర్నుంచి లేచి వెళ్ళిపోయింది. తర్వాత వాసన లేదు. మేం ఎన్నిసార్లు పిలిచాం, రాలేదు. అంత సెంటు పూసుకుని వస్తోంది, మేమంటే ఆమెకి అసహ్యం అనుకున్నాం. ఆ కుర్చీలో చాలా రోజులు ఎవరినీ కూర్చోనివ్వలేదు."

"దీదీ, తప్పంతా నాదే."

"తుమ్హారా హీ హై, నీదే," అంది, ఏ మాత్రం మొహమాటం లేకుండా. "ఆమె నంబరు ఇవ్వు."

ఇచ్చాను.

ఆదిలక్ష్మి దిగ్లీపూర్ వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు మిషను మీద గుడ్డ తీసి, మిషనును బస్సులో ఎక్కించుకుని పోయింది. నేను మోస్తానంటే ఒప్పుకోలేదు. ఇదంతా రాసి ఆమెకు ఫోనులో చదివి వినిపిద్దామని ఎనిమిదింటికి కూర్చున్నాను. రోజూ ఆ వేళకే మేం మాట్లాడుకునేవాళ్ళం. ఫోను బిజీ. ఎనిమిదిన్నరకూ బిజీయే. తొమ్మిదింటికి దొరికింది.

"ఎవరితో అంతసేపు?"

"సుశీలా దీదీతోటి. వచ్చే నెల అయిదుగురూ కలిసి ఇక్కడికొస్తారంట. అందరికీ బ్లౌజులు కుట్టమంటన్నారు, కొలతలు రాసుకుంటన్నాను. మీరేటి సెప్పాలి? తొరగా సెప్పండి, దీదీ మళ్ళీ సేస్తానంది."

నేను త్వరగా చెప్పలేకపోయాను. ఆ రోజు నుంచి ఇవాళ్టి వరకూ ఎనిమిదింటికి ఆ లైను నాకు దొరకలేదు.

కాబట్టి మీ అందరి ఎదుటా, కుళాయి నీళ్ళు చేత్తో పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఈ జన్మలో ఏ గుడ్డనూ సముద్రానికి అప్పగించను. ఒకరు దాచుకున్న నీళ్ళతో నా బండి కడుక్కోను. తప్పు చేస్తే పన్నెండేళ్ళు ఆగను. ఆ రోజే, రాత్రి ఎనిమిది కొట్టకముందే ఆదిలక్ష్మికి చెప్పేస్తాను. ఎనిమిది దాటాక నా తప్పులు వినే తీరిక ఆవిడకు లేదు.